లోతు చాలని గూడు

పొగ ఫైర్‌ప్లేస్‌లోంచి రావడం లేదు. అందులో మంట వెయ్యడం మానేసి ఏళ్లయింది. దాని ఎడమపక్క, గోడ లోపలికి వెళ్లిన ఇరుకు గూట్లోంచి వస్తోంది. నోరీన్ బటర్‌వర్త్ ఇప్పుడే ఊడబెరికిన ప్లైవుడ్ పలక వెనక నల్లటి రంధ్రం కనిపిస్తోంది. అందులోంచి బూడిదరంగు పొగ ముందుగదిలోకి తోసుకొస్తోంది.

ఆమె కిటికీ బార్లా తెరిచింది. తల దిమ్మెక్కుతోంది. సుత్తి చేత్తోనే వీధిలోకి పరుగెత్తి పక్కింటి తలుపు బాదింది.

"విల్ఫ్! మీ పొయ్యి ఆర్పండి! పొగంతా మా ఇంట్లోనే ఉంది!"

విల్ఫ్ షోఫీల్డ్ బనీను మీద కోటు తగిలించుకుని బయటికొచ్చాడు. "నా పొయ్యి పొగకి పైకి పోవడం వచ్చు. ఏం పీకావు నువ్వు?"

"గూట్లో పలక."

"పీకుతావు మరి! వడ్రంగిని పిలవడానికి నామోషీ."

"పిలిచాను. టీ తాగి, తల ఊపి, వెళ్లిపోయాడు. ముందు నిప్పు సంగతి చూడండి."

ఆయన గొణుక్కుంటూనే నిప్పులు బకెట్లోకి తోడి పెరట్లో పెట్టాడు. తర్వాత టార్చి పట్టుకుని ఆమె వెనకే వచ్చాడు.

నోరీన్ పెళ్లికి ముందు నుంచీ బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దింది. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. పోయిన నెల ఫ్యాక్టరీ మూతపడింది. సోమవారం నుంచి ఇంట్లోనే కుట్టుపని మొదలుపెడతానని వీధంతా చెప్పేసింది. వెలుతురు బాగా పడేది ఈ గూట్లోనే. మిషను బల్ల మాత్రం జానెడు బయటికి పొడుచుకొస్తోంది. పలక తీస్తే ఆ జానెడూ కలిసొస్తుందనుకుంది.

విల్ఫ్ రంధ్రంలోకి టార్చి వేసి అదిరిపడ్డాడు. "ఇది మన ఉమ్మడి గోడలోని నా పొగగొట్టం! చీల్చేశావు కదమ్మాయ్! కౌన్సిల్‌కి చెప్తాను. వీధంతటికీ చెప్తాను."

"అంచులు చూసి అరవండి. ఇవాళ కొట్టిన ఇటుకైతే ఎర్రగా ఉంటుంది. దీనికి మసి మందంగా పేరుకుంది."

ఆయన వేలితో గీకి చూశాడు. గొంతు తగ్గింది. "అయితే ఎప్పుడో కొట్టారు. మరి నాకు వినబడలేదేం? నువ్వు చెంచా కింద పడేసినా నాకు వినబడుతుంది."

"మీరు ఊళ్లో లేనప్పుడు కొట్టారేమో."

"నేనెప్పుడు ఊరు దాటాను? వేక్స్ వారం తప్ప."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఏటా వేసవిలో ఆ వారం తమ ఊరు ఓల్డమ్‌లో మిల్లులన్నీ సెలవులకి మూసేవారు. వీధికి వీధే బ్లాక్‌పూల్ సముద్రానికి తరలిపోయేది. ఇళ్లకు తాళాలు. పొయ్యిలన్నీ చల్లగా ఉండేవి. గోడ పగలగొట్టినా వినేవాడు ఉండేవాడు కాదు, లోపలి నుంచి పొగా వచ్చేది కాదు.

"ఒక ఏడు నువ్వు మీ చెల్లెలితో వచ్చావు. మీ ఆయన రాలేదు. నడుం నొప్పన్నాడు," అన్నాడు విల్ఫ్ నెమ్మదిగా.

నోరీన్ రంధ్రం వంక చూసింది. పైన వెడల్పుగా, మధ్యలో లోతుగా ఉంది. పాతకాలపు పెద్ద టీవీకి వెనక ఉండే బొడిపె ఆకారమే అది. ఆ ఏడు సముద్రం నుంచి తిరిగొచ్చేసరికి కొత్త టీవీ తెర గోడకి సమంగా అతికినట్టు కూర్చుని ఉంది. భర్త కెన్ పక్కన నిలబడి, "ఎలా ఉంది రాణీగారూ?" అన్నాడు. తను చప్పట్లు కొట్టింది.

ఆ చలికాలమే ఆమె రాత్రి షిఫ్టు ముగించి తెల్లారి ఇంటికొచ్చింది. టీవీ మోగుతూనే ఉంది. కెన్ కుర్చీలో ఒరిగి ఉన్నాడు. చెంపలు ఎర్రగా, ఎండలో తిరిగొచ్చినట్టున్నాయి. గుండె ఆగిందన్నాడు డాక్టరు. మొగుణ్ణి ఒంటరిగా వదిలి బిస్కెట్లు సర్దడానికి పోతే ఇంతేనని ఆడపడుచు శవపేటిక ముందే అంది. నోరీన్ ఆ మాటకి ఎవరి దగ్గరా బదులు చెప్పలేదు. నిజమేనని నమ్మింది. టీవీ పట్టుకెళ్లినవాళ్లే ఆ చోట ఈ పలక కొట్టి పోయారు. అప్పటి నుంచి చలికాలమంతా వంటగదిలోనే కూర్చుంటోంది.

విల్ఫ్ కింద చతికిలబడ్డాడు. టార్చి ఒళ్లో వెలుగుతూనే ఉంది.

"కెన్ పోయిన రాత్రి మంచు పడింది. పొయ్యి నిండా బొగ్గు కూరి పడుకున్నాను. బొగ్గు విషవాయువు పీలిస్తేనే చెంపలు అలా ఎర్రబడతాయి. నోరీన్... అతన్ని చంపింది నా పొయ్యేనా?"

ఆమె సుత్తి కింద పెట్టింది. కొలతబద్ద తీసి బల్లకి ఆనించి, పెన్సిలుతో గీత గీసింది.

"రేపు మేస్త్రీ వచ్చి ఇటుక పెడతాడు. ఈ గోడ నేనింక తవ్వను. బల్లనే కోసి, ముందుకి మడత పలక పెడతాను. సోమవారానికి అయిపోతుంది."

"నేనడిగింది అది కాదమ్మా."

"తెలుసు."

నోరీన్ మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చేతిలోంచి టార్చి తీసుకుని ఆర్పేసింది. ఇన్నేళ్లూ ఆడపడుచుకి చెప్పలేని బదులు ఇప్పుడు గొంతు దాటి వచ్చింది.

"మీరు కాదు విల్ఫ్. నేనూ కాదు. ఈ గోడ తవ్వింది కెన్."