పుట్టింటి దగ్గు

"చుట్ట ఎన్నాళ్ళ నుంచి కాలుస్తున్నారమ్మా?" అని అమలాపురంలో డాక్టరుగారు నన్నడిగారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. పక్కన కూర్చున్న మావారు అనంతకృష్ణ మొహం మాత్రం మాడిపోయింది. హైస్కూల్లో తెలుగు పండితులాయన. దేవుడికి నైవేద్యం కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. అలాంటి మనిషి భార్యని పట్టుకుని అడగాల్సిన మాటా అది? వరండాలో ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశారే గాని, నా ఊపిరితిత్తులకి ఏమైందని ఆయన అడగలేదు. నేనే అడిగాను.

డాక్టరుగారు జవాబు చెప్పకుండా, దగ్గు ఎప్పుడైనా తగ్గుతుందా అన్నారు. తగ్గుతుందన్నాను. నెలకి మూడు రోజులు బయట ఉంటాను కదా, పెరటి వసారాలో చాప మీద, అప్పుడు అస్సలుండదని చెప్పాను. పరాయి మగాడి ముందు ఆ మాట అనేసినందుకు మావారు తల దించుకున్నారు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, మా వంటింటికి కిటికీ ఎటు వైపుందని అడిగారు.

లేదు. ఒకప్పుడు ఉండేదట. వీధిన పోయేవాళ్ళ చూపు మడి వంట మీద పడుతోందని మామగారి తండ్రి దాన్ని ఇటుకలతో పూడ్పించారు. అప్పట్నుంచీ కొబ్బరి మట్టలూ డొక్కలూ మండిన పొగ పెంకుల సందుల్లోంచి పోయినంత పోతుంది, మిగిలింది మేం పీలుస్తాం. హాల్లో గ్యాసు పొయ్యి ఉంది, కాఫీలకి. నైవేద్యానికి అది పనికిరాదు. మా అత్తగారు ముప్పై రెండేళ్ళు ఆ పొయ్యి ముందు దగ్గి దగ్గి, యాభై ఆరో ఏట ఆయాసంతో పోయారు. ఆవిడది కోటిపల్లి, వాళ్ళ వంశంలో ఉబ్బసం ఉందిలే అన్నారు. ఆవిడ అత్తగారిది ఆత్రేయపురం. ఆవిడ దగ్గుకీ పుట్టిల్లే కారణమట. నాకు మొదలయ్యాక మావారు, "మీ పాలకొల్లు దగ్గు ఇది. పెళ్ళిచూపులప్పుడే కనుక్కోవాల్సింది" అన్నారు. నేనూ నమ్మాను. పుట్టింటికెళ్ళినప్పుడల్లా మా అమ్మ దగ్గుతుందేమోనని చెవి ఒగ్గి వినేదాన్ని. ఒక్కనాడూ దగ్గలేదు మహాతల్లి.

తిరుగు బస్సులో మావారు ఆ డాక్టరుకి ఏమీ తెలియదని, కాకినాడలో ఇంకొకరికి చూపిద్దామని చెబుతూనే ఉన్నారు. నేను వినడం లేదు. మూడు ఊళ్ళు, మూడు గోత్రాలు, ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాని ముగ్గురు ఆడవాళ్ళు. దగ్గు మాత్రం ఒక్కటే. ఈ ఇంట్లో పుట్టిన మగవాళ్ళలో ఒక్కరికీ లేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టిందా అని నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ వెంటనే మా శ్రీసుధ గుర్తొచ్చింది. దానికి పధ్నాలుగేళ్ళు. ఏడాదిగా, నేను బయట ఉన్న మూడు రోజులూ అదే మడి కట్టుకుని వండుతోంది. నేను వసారాలో హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే లోపల్నుంచి దాని దగ్గు వినిపిస్తుంది. నీ దగ్గు పిల్లకీ అంటించావని మొన్ననే అన్నారు మావారు. నేను తప్పు చేసినదానిలా ఊరుకున్నాను. ఇంక ఊరుకోదలుచుకోలేదు.

మర్నాడు ఆయన బడికెళ్ళగానే తాపీమేస్త్రి బుల్లియ్యని పిలిపించాను. గోడ చూసి అతను తల గోక్కున్నాడు.

"మడి వంటిల్లు కదండీ. అయ్యగారితో ఓ మాట అనుకున్నారాండి?"

"అందులో వండేది నేను. నాతో నేను అనుకున్నాను. కానీయ్."

లోపల అడుగు పెట్టనని వీధి వైపు నుంచే పగలగొట్టాడు. ఊడివచ్చిన ఇటుకల లోపలి వైపు వేలెడు మందాన మసి. మూడు తరాల ఆడవాళ్ళం పీల్చగా మిగిలిందే అంత ఉంది. ఇటుకలు చెరువు గట్టున పారబోయమన్నాను. గచ్చంతా కడిగి, గ్యాసు పొయ్యి మోసుకొచ్చి ఆ కిటికీ కింద పెట్టాను. వీధిలో పోతున్న లోవమ్మ ఆగి, ఏం కూరండీ అని అడిగింది. దొండకాయ అన్నాను. కూరకేమీ కాలేదు.

సాయంత్రం మావారు సైకిలు దిగి, వీధిలోనే నిలబడిపోయారు. కన్నంలోంచి ఆయన నాకూ, నేను ఆయనకీ కనిపిస్తున్నాం. చుట్టుపక్కలవాళ్ళు వింటారని గొంతు తగ్గించారు.

"ఊరంతా చూస్తుండగా వండింది దేవుడికి ఎలా పెట్టమంటావు?"

నేను గొంతు తగ్గించలేదు.

"పెట్టకండి. రేపట్నుంచి దేవుడికి మీరే వండండి. మట్టలు ఎలా రాజేయాలో నేర్పిస్తాను. శ్రీసుధ మాత్రం ఆ పొయ్యి దగ్గరికి రాదు. మనుషులకి నేను వండుతాను."