బంగారయ్యగారి బండిలో వెనక సీటు

ఆ ఏడాది వానాకాలంలో అబ్రహాం స్కూటరుకి కుడివైపు అద్దం పోయింది. అద్దం పోవడం పెద్ద సంగతి కాదు. అది ఎలా పోయిందో భార్యకి మూడు రోజుల తర్వాత చెప్పాడు, అదీ అన్నం తింటూ, ఇంకొంచెం చారు పొయ్యమని అడిగినంత మామూలుగా. దారిలో కేంద్రీ అనే ఊరు దాటాక ఒక లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయిందట. అద్దం లారీతో వెళ్ళిపోయిందట. తను మాత్రం స్కూటరు మీదే ఉండిపోయాడట.

"అద్దానికీ మీ మోచేతికీ ఎంత దూరం ఉంటుంది?" అంది హన్నా.

"జానెడు. పచ్చడుందా?"

పచ్చడి వేసింది. సగం కంచంలో పడింది, సగం నేల మీద పడింది.

అబ్రహాం నీటిపారుదల ఆఫీసులో హెడ్ క్లర్కు. పదిహేనేళ్ళు రాయ్‌పూర్‌లోనే కుర్చీ అరగదీసినవాణ్ణి జూన్‌లో ధమ్తరికి బదిలీ చేశారు. పోనూ రానూ నూట యాభై కిలోమీటర్లు. కూతురు గ్రేస్‌కి పదో తరగతి, కాపురం మార్చడానికి లేదు. బస్సు ఆఫీసు వేళకి అందదు. రోడ్డు పక్కనే నడిచే చిన్న రైలు ఉంది గానీ, సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దాన్ని దాటిపోతూ లోపల కూర్చున్నవాళ్ళని బాగోగులు అడుగుతుంటారు. అందుకని స్కూటరు.

అద్దం సంగతి తెలిసిన దగ్గర్నుంచీ సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి హన్నా చెవులు వీధిలో ఉండేవి. కాకినాడలో బి.ఏ. చదివినప్పుడు ఆమెకి తర్కశాస్త్రంలో మంచి మార్కులొచ్చాయి. రోడ్డు మీద వెళ్ళే వెయ్యిమందిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిదిమంది ఇంటికొస్తారని ఆ శాస్త్రం చెప్పేది. మిగిలిన ఆ ఒక్కడూ ఎవరో మాత్రం చెప్పేది కాదు.

ఆఖరికి పాత కారు ఏదైనా కొందామని మొగుడూ పెళ్ళాం ఒక మాటకొచ్చారు. దారిలో ఆగిపోకూడదు, పెట్రోలు తక్కువ తాగాలి అన్నాడు అబ్రహాం. ఈయన్ని తీసుకెళ్ళినట్టే తిరిగి తీసుకురావాలి అని హన్నా మనసులో కలుపుకుంది.

బీర్‌గావ్‌లో షెడ్డున్న మెకానిక్ నూకరాజుది శ్రీకాకుళం. అతనొక ఫియట్ చెప్పాడు. తెలీబంధా పేటలో ఉండే రిటైరైన రైల్వే గార్డుదిట. "బండి రాయి సారూ. గుద్దినోడికే దెబ్బ. కాపోతే తాగుతాది. లీటరుకి పన్నెండిస్తే దండం ఎట్టుకోండి."

పన్నెండు అనగానే అబ్రహాం మొహం వాడిపోయింది. సరిగ్గా అప్పుడే బంగారయ్యగారి తెల్ల మారుతి అమ్మకానికి వచ్చింది.

బంగారయ్యగారు అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి, లేచి, మళ్ళీ నిద్రపోయేవాళ్ళు. "మనవాళ్ళ బండి బ్రదర్. బయటివాళ్ళ చేతిలో పెట్టడం ఇష్టం లేక మీకు చెబుతున్నా. లీటరుకి ఇరవైకి తక్కువ ఇస్తే నన్నడగండి," అన్నాడు ఆరాధన అయ్యాక, అబ్రహాం భుజం మీద చెయ్యేసి.

ఆ మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ అబ్రహాం లేచి నిలబడ్డాడు. ప్రభువు తన ప్రయాణాల భయం తీసేశాడనీ, బంగారయ్యగారి ద్వారా మంచి బండి దయచేశాడనీ చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న హన్నా నోట ఆ స్తోత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఎందుకంటే ఆ బండిలో ఆయన అప్పటికి ఒక్కసారి కూడా కూర్చోలేదు.

"చూడకుండానే సాక్ష్యమేంటండీ?" అంది ఇంటికొస్తూ.

"చూశాక చెబితే అది విశ్వాసం ఎలా అవుతుంది?"

ఇహ ఆ బండిని వద్దనడానికి దారి మూసుకుపోయింది. వద్దంటే దేవుడైనా పొరపాటు పడి ఉండాలి, అబ్రహామైనా అబద్ధమాడి ఉండాలి. ఈ రెండిట్లో ఏదీ ఆదివారం పూట నిలబడి చెప్పుకునే సంగతి కాదు. సంఘ పెద్ద బండి బానెట్ ఎత్తి చూడటమే అవమానం అన్నాడు అబ్రహాం.

"నేను బండిని శంకించడం లేదు," అంది హన్నా. "లీటరుకి ఎన్ని కిలోమీటర్లో ప్రభువు మీకు అంకె చెప్పలేదుగా. అదొక్కటి కనుక్కుందాం."

అలా సీసా పరీక్షకి ఒప్పుకున్నాడు.

సీసా పరీక్ష అంటే పెద్ద విశేషమేమీ లేదు. టాంకీ నుంచి వచ్చే పెట్రోలు గొట్టం ఊడదీసి, సరిగ్గా లీటరు పోసిన సీసాకి తగిలిస్తారు. అది అయిపోయి బండి ఎక్కడ ఆగితే అక్కడికి ఎన్ని కిలోమీటర్లో చూసుకుంటారు. శనివారం పొద్దున్న నూకరాజు ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి లోపలికి లాగిన గొట్టంతో సీసాని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. అబ్రహాం డ్రైవింగు. బంగారయ్యగారు వెనక తలుపు పట్టుకుని, భుజం ఊతం చేసి లాగితే తెరుచుకుంది. "కొత్త రబ్బరు వేయించానమ్మా, అందుకని బిగువు," అన్నాడు. హన్నా ఎక్కాక అదే భుజంతో మూశాడు. తను మాత్రం ఉపవాస ప్రార్థన ఉందని రాలేదు.

బండి సాఫీగానే పోయింది. లోపల పెట్రోలు వాసనకి హన్నాకి తల తిరుగుతోంది. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ ఆమె కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. బండి మానా ఊరు దాటింది. పదిహేను కిలోమీటర్లకి సీసాలో ఇంకా చాలా ఉంది. అబ్రహాం ఈలపాటలో స్తుతి కీర్తన అందుకున్నాడు.

"పద్దెనిమిది!" అన్నాడు. "నూకరాజూ, ఏమంటావు?"

"నానేటంటాను సారూ. సీసాయే సెప్తాది."

ఇరవై అయ్యాక సీసా అడుగున రెండువేళ్ళ మందం మిగిలింది. ముందు చిన్న రైలు ఫాటక్ కనబడింది. గేటు ఎత్తే ఉంది.

"సారూ, ఇటేపే ఆపేద్దుం," అన్నాడు నూకరాజు.

"ఇరవై ఒకటి చూద్దామయ్యా!"

ఇరవై ఒకటి చూశారు. సరిగ్గా పట్టాల మీద చూశారు. బండి రెండుసార్లు దగ్గి, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు పెట్టుకుని ఆగిపోయింది. అబ్రహాం తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. దూరంగా కూత వినిపించింది.

గేటు పక్క గుమటీ గదిలోంచి గేటుమాను చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "హటావ్, హటావ్! గాడీ ఆవత్ హే!" బండి తీసెయ్యండి, రైలొస్తోందని అరుస్తున్నాడు.

"దిగి తోసేద్దుం!" అని నూకరాజు సీసాతో సహా దూకాడు. అబ్రహాం దిగాడు. హన్నా తన పక్క తలుపు గడి లాగింది. రాలేదు. భుజంతో గుద్దింది. గోడని గుద్దినట్టుంది. రెండో పక్కకి జరిగి ఆ తలుపు లాగింది. అదీ అంతే. అద్దం దింపబోతే సగం దిగి ఇరుక్కుంది. ఆ సందులోంచి ఆమె తల పడుతుంది, మనిషి పట్టదు.

"ఏవండీ, తలుపు రావట్లేదు!"

అబ్రహాం బయటనుంచి పట్టుకుని లాగాడు. కాలు బండికి తన్నిపెట్టి లాగాడు. అతని మొహం అద్దానికి అటువైపు తెల్లగా పాలిపోయింది. పదిహేడేళ్ళ కాపురంలో హన్నా ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. లారీ అద్దం ఊడగొట్టుకుపోయినప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటుందని ఆ క్షణంలో తోచింది. రైలు ఇంజను మలుపులో కనబడింది. సైకిళ్ళు దాటిపోయే రైలే. తిన్నగా ఆమె వైపే వస్తోంది. కారులో ఇరుక్కున్న మనిషికి అది నెమ్మదిగా వస్తున్నట్టు ఏమీ లేదు.

ముందు సీట్ల మధ్యనుంచి దూరబోయింది. చీర కుచ్చెళ్ళు ఎక్కడో పట్టేశాయి. నోట్లోకి ప్రార్థన రాలేదు. గ్రేస్‌కి జడ వేసి రాలేదని గుర్తొచ్చింది, అంతే.

"తలుపొదిలెయ్యండి సారూ, తొయ్యండి!" నూకరాజు అరిచాడు. గేటుమానుతో కలిసి ముగ్గురు మగాళ్ళూ ఒక్క ఊపున తోశారు. బండి కదల్లేదు. ఇంకో ఊపు. వెనక చక్రాలు పట్టా ఎక్కి, దిగి, బండి అటువైపు పల్లంలోకి జారి మైలురాయి దగ్గర ఆగింది. వాళ్ళ వెనకనుంచి రైలు తాపీగా పోయింది. కిటికీల్లోంచి మనుషులు చెయ్యూపారు.

బండి చదునైన నేలమీదకి రాగానే వెనక తలుపు, ఎవరో బతిమాలినట్టు, తనంతట తనే తెరుచుకుంది.

నూకరాజు మాట్లాడకుండా హన్నా కాళ్ళ కింది రబ్బరు పట్టా పైకెత్తాడు. నేల రేకు మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కదాకా వెల్డింగు గీత ఉంది. ఆపరేషను కుట్లలా ఎగుడుదిగుడుగా, పైన నల్ల రంగు పూసి ఉంది.

"ఇది ఒక బండి కాదమ్మగారూ. ఎక్కడో ముందు నుజ్జైందొకటి, ఎనక నుజ్జైందొకటి. బాగున్న సగం, బాగున్న సగం కోసి అతికేసినారు. ఎత్తుపల్లం మీద నిలబెడితే ఒళ్ళు మెలి తిరిగిపోతాది, తలుపులు బిగుసుకుంటాయి. రోడ్డు మీద గట్టిగా తగిల్తే..." చేతులు రెండూ దగ్గరికి తెచ్చి, విడదీశాడు. "మైలేజీ మట్టుకి మంచిదే."

ఇంటికొచ్చాక అబ్రహాం రెండు చెంబుల నీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టి అన్నాడు, "తలుపులు బాగుచేయించుకుందాం."

"మధ్యలో గీత?"

"దాని మీద ఇంకోసారి వెల్డింగు కొట్టిస్తే..." ఆమె వైపు చూడకుండా, "సంఘమంతా స్తోత్రం అన్నారు హన్నా. రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

హన్నాకి పట్టాల మీద వేసినదానికంటే ఎక్కువ భయం అప్పుడు వేసింది. పదిమందిలో తల దించుకోవడం కన్నా లారీ కింద పడటమే ఈయనకి తేలికలా ఉంది. ఈయన ఈ బండి కొంటాడు. రోజూ ఆ గీతకి ముందు సగంలో కూర్చుని ధమ్తరి వెళ్ళొస్తాడు. ఏదో ఒక రోజు రాడు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మకం కాగితాలతో, బండికి ప్రార్థన చేసి రాసే నూనె సీసాతో బంగారయ్యగారు వాళ్ళింటికి వచ్చాడు. కార్లో వచ్చాడు. ఆయన భార్య రూతమ్మగారు మాత్రం ఆ కారు వెనకాలే రిక్షాలో వచ్చి దిగింది. చేతిలో చిన్న మిఠాయి పొట్లం తప్ప ఏమీ లేదు. హన్నా గుమ్మంలో నిలబడి కారునీ రిక్షానీ మార్చి మార్చి చూసింది.

"వందనాలు పిన్నిగారూ. కార్లో చోటు లేకపోయిందా?"

"గాలి తగులుతుందని..." అంది రూతమ్మగారు నేల చూస్తూ.

"సంతకాలు తర్వాత బాబాయిగారూ," అంది హన్నా. "ముందు బండిలో కూర్చునే ప్రార్థన చేద్దాం, నలుగురం. అలా మానా దాకా వెళ్ళొద్దాం. ముందు సీట్లో మీరూ ఈయనా, వెనక పిన్నిగారూ నేనూ."

"బ్రహ్మాండమైన ఆలోచనమ్మా," అన్నాడు బంగారయ్యగారు. కానీ తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.

అబ్రహాం, 'వద్దు' అన్నట్టు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె అప్పటికే వెళ్ళి వెనక సీట్లో కూర్చుని తలుపు లాక్కుంది. అది టక్కున పడింది. పాదాల కింద ఆ గీత ఉందని తెలుసు. కాళ్ళు పైకి ముడుచుకోవాలనిపించింది. ముడుచుకోలేదు.

"రండి పిన్నిగారూ."

రూతమ్మగారు కదల్లేదు.

"ఎక్కు రూతమ్మా, అందరూ చూస్తున్నారు," అన్నాడు బంగారయ్యగారు.

"ఎక్కనండీ. ఆ రోజే చెప్పాను, చచ్చినా ఎక్కనని."

"ఏ రోజు?" అన్నాడు అబ్రహాం.

రూతమ్మగారు అతనికి కాదు, కారులో ఉన్న హన్నాకి చెప్పింది. "కిందటేడు వానల్లో, ఈ బండినే ఈయన రైలు వంతెన కింద నీళ్ళలో దింపారమ్మా. ఇంజనాగిపోయింది. ఈయన దిగారు. నాకు తలుపు రాలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, నడుం దాకా వచ్చాయి. ముందు సీటు వంచి నన్ను జుట్టు పట్టుకుని లాగారు. ఇప్పటికీ వాన చప్పుడు వింటే నాకు ఊపిరాడదు."

వీధిలో రిక్షావాడు కూడా కిరాయి అడగడం మానేసి వింటున్నాడు.

"నాకు తెలిసి చేసింది కాదు బ్రదర్," అన్నాడు బంగారయ్యగారు. ప్రార్థనల్లో వినబడే గొంతు కాదది. "నేనూ మనవాళ్ళ దగ్గరే కొన్నాను. భిలాయి సంఘంలో ఒక పెద్దాయన దగ్గర. బానెట్ ఎత్తితే ఆయన ఏమనుకుంటాడోనని ఎత్తలేదు. నేనూ... నేనూ సాక్ష్యం చెప్పాను. ఆయనకి కూడా ఎవరో సంఘంవాళ్ళే అమ్మారట."

అబ్రహాం కారు దగ్గరికి వచ్చి తలుపు పట్టుకున్నాడు. మొదటి లాగుకి రాలేదు. రెండోదానికీ రాలేదు. మూడో లాగుకి తలుపు వచ్చింది. ఆమెని చెయ్యి పట్టి దింపాడు. దిగాక కూడా చెయ్యి వదల్లేదు, పెద్దాయన ఎదురుగా ఉన్నా.

"నాకీ బండొద్దండీ," అన్నాడు. "వచ్చే ఆదివారం లేచి పొరపాటు చెప్పానని చెప్పుకుంటాను. నవ్వితే నవ్వుతారు." హన్నా వైపు తిరిగి, "ఆ గార్డుగారి ఫియట్ ఇంకా ఉందేమో నూకరాజుని కనుక్కోవాలి. తాగితే తాగనీ."

బంగారయ్యగారు తల ఊపాడు. నూనె సీసా చేతులు మార్చుకుంటూ చాలాసేపు తెల్లగా మెరుస్తున్న కారునే చూశాడు. ఆయన పెదాలు మెల్లిగా కదులుతున్నాయి. ప్రార్థనేమో అనుకుంది హన్నా. కాదు. ఏవో పేర్లు. చెన్నకేశవులు అన్నది చెవిన పడింది. చెన్నకేశవులు కిందటి నెలే సంఘంలో చేరాడు. ముగ్గురు పిల్లలు. పాత కారు కోసం చూస్తున్నాడు.

హన్నా నోరు తెరవబోయింది.

ఆమె కన్నా రూతమ్మగారికి ఆ పెదాలు బాగా తెలుసు. మిఠాయి పొట్లం హన్నా చేతిలో పెట్టి, మొగుడి దగ్గరికి నడిచి, ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకుంది.

"మీ మెకానిక్కి కబురు పెట్టమ్మా," అంది హన్నాతో. "ఇనప తుక్కు కొనేవాణ్ణి తీసుకురమ్మను. వచ్చేదాకా నేను మీ ఇంట్లోనే కూర్చుంటా."

తాళంచెవి కొంగున కట్టుకోబోయింది. ముడి రెండుసార్లు జారిపోయింది. హన్నా దగ్గరికెళ్ళి కొంగు రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎలాగో ముడేశారు.