పాముచెవులాయన ఫోను

ఆ వీధిలో వాచీలు బాగుచేసే ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన పాముచెవులాయనే. మొరాయిస్తున్న వాచీ చేతికిస్తే చాలు, వెనక మూత తీయకుండానే చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. ఇది రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది, లోపల చమురెండిపోయింది అనేవాడు. మూత తీస్తే అదే నిజమయ్యేది. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందు గదిలో దుకాణం ఆ పేరు మీదే నడుస్తోంది.

పేరు అలాగే ఉంది గానీ, చెవులే లేవు. రెండేళ్ల కిందట ఎడమ చెవి పనిచేయడం మానేసింది. కుడిచెవికి మాటలందుతాయి గానీ వాచీ చప్పుడంత సన్నని సంగతులు అందవు. ఈ ముక్క ఆయన ఎవరి చెవినా వేయలేదు. తెలిసిందల్లా ఒక్క ఫోనుకే.

ఏడేళ్ల నాటి ఫోను అది. అందులో ఒక యాప్ ఉంది. వాచీని ఫోను మైకుకి ఆనిస్తే చాలు, ఒక్కో టిక్కుకీ తెర మీద ఒక్కో చుక్క పెడుతుంది. చుక్కలు తిన్నగా సాగితే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టు. పైకెక్కితే పరిగెడుతున్నట్టు, కిందికి జారితే వెనకబడుతున్నట్టు. మన పెద్దమనిషి చేసేదేమిటంటే, మనుషుల ముందు వాచీని యథాప్రకారం చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఊ... ఊ..." అని రెండుసార్లు తలూపుతాడు. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకునే నెపం మీద పరదా వెనక్కి వెళ్లి ఫోన్ని అడిగి వస్తాడు. వచ్చి, అంతా తన చెవే చెప్పినట్టు చెబుతాడు. నటనలో మాత్రం వాచీల పనిలోకన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడు.

ఇంట్లో మాత్రం ఆయనకి ఒకటే ఫిర్యాదు. వయసు పైబడేకొద్దీ భార్య గొంతు పెరిగిపోతోంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ మాట్లాడితే పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. ఇప్పుడు ఉప్పు అందుకోమన్నా వీధి చివరి దాకా తెలుస్తోంది. దానికి తోడు చాదస్తం కూడా మొదలైంది. ఎన్నో ఏళ్లుగా భోజనాల బల్ల దగ్గర ఆయనకి ఎడమపక్కన కూర్చునే మనిషి, కిటికీ వెలుతురు కళ్లలో కొడుతోందని కుడిపక్కకి మారింది. వీధిలో నడిచినా కుడిపక్కకే వస్తుంది. అక్కడ ఏ కిటికీ ఉందని ఆయన అడగలేదు. ఆడవాళ్లకి వయసొస్తే ఇలాగే ఉంటుంది కాబోలని సర్దుకుపోయాడు.

ఇలా ఉండగా, పోయిన నెల ఆ యాప్ ఎవరూ అడక్కుండానే అప్‌డేట్ అయింది. అయినప్పటి నుంచీ నాలుగు చుక్కలు పెట్టి ఆగిపోతోంది. ఈ ఫోనులోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది, కొత్తది కావాలి అంటోంది. ఫోను చేసిన కంపెనీ దీన్ని మర్చిపోయి ఎన్నో ఏళ్లయింది. పోనీ కొత్త ఫోను కొందామనుకుని, ముందు పరీక్షించి చూద్దామని పక్క కళ్లద్దాల దుకాణం ఆయన కొత్త ఫోన్ని కాసేపు అడిగి తీసుకుని, పరదా వెనక అందులో అదే యాప్ వేసి వాచీ ఆనించి చూశాడు. ఒక్క చుక్క కూడా పడలేదు. ఫోను తిరిగిచ్చేటప్పుడు కళ్లద్దాలాయన గొప్పగా చెప్పాడు. ఇది చాలా తెలివైన ఫోనట, పక్కన సుత్తి దెబ్బలు పడుతున్నా అవతలివాళ్లకి మన మాట ఒక్కటే వినిపిస్తుందట, మిగతా చప్పుళ్లన్నీ తుడిచేస్తుందట. అంత తెలివైన ఫోనుకి వాచీ టిక్కు కూడా చెత్త చప్పుడే కదా. తెలివితక్కువ పాత ఫోనే పాముచెవులాయనకి దిక్కు. అది బతికితే దుకాణం బతుకుతుంది, లేకపోతే షట్టరు దించుకోవాలి, ఆ పేరు కూడా దించుకోవాలి.

సెలవు రోజు మధ్యాహ్నం మరదలు వచ్చింది. భార్యకి స్వయానా చెల్లెలు, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ పాతబడిపోయి పారేయాల్సిన కంప్యూటర్లకి ఉచితంగా దొరికే సిస్టమ్‌లు ఎక్కించి, నలభై యంత్రాల్ని ఇంకా నడిపిస్తోంది. బావ ఫోను మొరాయిస్తోందని అక్క పిలిచిందట. తను భార్యకి ఫోను సంగతి ఎప్పుడు చెప్పాడా అని ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు, ఆనక వదిలేశాడు.

మరదలు ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి ఇంకా ఆయుష్షుందని తేల్చింది. కంపెనీ వదిలేసిన ఫోన్ల కోసం ఊరూ పేరూ తెలియని ఔత్సాహికులు కొత్త సిస్టమ్‌లు తయారుచేసి పెడతారనీ, ఈ మోడల్‌కి మూడు దొరికాయనీ చెప్పింది. ఒకదాని బరువు ఈ ఫోను మోయలేదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టేసింది. మిగిలినవి రెండు. వాటిని వాడినవాళ్లు రాసిన మంచిచెడులు ల్యాప్‌టాప్‌లో తీసి చదివి వినిపించింది. మొదటిది అందంగా ఉంటుంది, కాల్స్ చాలా స్పష్టంగా వస్తాయి, చుట్టుపక్కల చప్పుడంతా వడకట్టేస్తుంది. రెండోది మోటుగా ఉంటుంది, మైకులో పడిన చప్పుడేదీ వదలదు, ఫోను చేస్తే వీధిలో రొద కూడా అవతలివాళ్లకి వినిపిస్తుంది.

"బావా, మీరు ఫోన్ని ముఖ్యంగా దేనికి వాడతారు?" అంది.

"దేనికేమిటి, మాట్లాడటానికి. పాటలకి."

"ఇంకేం లేదా?"

ఇదే సమయం. రెండోది కావాలి అంటే చాలు. అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆయన నీళ్లు నమిలి, ఇంకేం లేదన్నాడు. మరదలు అక్క వైపు చూసి, మూడోసారి అడిగింది. వాచీల పనికేమైనా పనికొస్తుందా ఫోను, దాన్ని బట్టి ఎంచుకుందామంది.

"వాచీలకి ఫోనెందుకమ్మా? ఈ చెవులున్నాయి కదా," అన్నాడు పాముచెవులాయన.

అలా మొదటిదే ఖాయమైంది.

వాచీల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఫోన్ని పడుకోబెట్టారు. ముందు అందులో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి దాచింది మరదలు. వాచీల ఫోటోలు నాలుగొందలూ అక్క ఫోటోలు నాలుగూ ఉన్నాయని పైకే లెక్కచెప్పింది. కంపెనీవాళ్లు వేసిన తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుందంటే ఆయనకి నచ్చలేదు. మూత తీసినందుకు లోపలి సామానంతా పారబోయడం ఏం పద్ధతని గొణిగాడు. ఆమె తాళం తీసి, కేబుల్ పెట్టి, కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టింది. కేబుల్ కదిలిస్తే ఫోను ఎందుకూ పనికిరాని రాయైపోతుందని చెప్పాక ఆయన బల్లకి రెండడుగుల దూరంలో నిలబడి ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు.

ఎక్కించడం అయ్యాక తెర మీద ఒక బొమ్మ గిర్రున తిరగడం మొదలైంది. మొదటిసారి తెరుచుకోవడానికి పావుగంట పడుతుంది, ముట్టుకోవద్దంది మరదలు. ఐదు నిమిషాలు గడిచాయి. ఆయన ఉండబట్టలేక వంగి, నడుస్తోందో లేదో తెలుసుకుందామని ఫోను దగ్గర చెవి పెట్టాడు. అదీ ఎడమ చెవి. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వంటింట్లోకి వెళ్లి చెవులు కొరుక్కున్నారు.

ఫోను లేచింది. కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. దాచినవన్నీ మళ్లీ అందులో పెట్టించుకుని, ఒకసారి చూసుకుని వస్తానంటూ ఆయన పరదా వెనక్కి జారుకున్నాడు. స్కూలు పెద్ద టీచరమ్మ వాచీ అక్కడే ఉంది. వాళ్ల నాన్నగారిదట. మీ చెవిన పడితే చాలు, బాగవుతుందని చేతిలో పెట్టి వెళ్లింది, మర్నాడే ఇవ్వాలి. దాన్ని ఫోనుకి ఆనించాడు. యాప్ తెరుచుకుంది, ఆగిపోలేదు. కానీ చుక్క పడలేదు. గోడగడియారం దించి ఆనించాడు. పడలేదు. చచ్చినవాణ్ణి కూడా లేపే అలారం గడియారం తెచ్చి పెడితే, ఎక్కడో రెండు చుక్కలు పడి, అవీ ఆరిపోయాయి. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

బయటికి వచ్చేసరికి మరదలు ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుంటోంది. ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాడు. అయితే తను బయల్దేరతానంది. ఇక పరీక్షల రోజులు, నెల దాకా రావడం కుదరదంది. సంచి జిప్పు లాగింది, భుజాన వేసుకుంది, చెప్పుల్లో కాలు పెట్టింది. ఒక్కొక్కటీ ఎంత తీరుబడిగా చేసిందంటే, చూసేవాళ్లకి నిద్రొస్తుంది.

"ఆగు," అన్నాడు ఆయన.

ఆగింది.

"నాకు వాచీలు వినపడటం లేదు. రెండేళ్లయింది. నా బదులు ఆ ఫోనే వింటోంది. ఇప్పుడు దానికీ వినపడటం లేదు." ఇంత చెప్పి, పెద్ద నేరం ఒప్పుకున్నవాడిలా తలొంచుకున్నాడు. సిగ్గేసింది. భయమూ వేసింది. ఇంకేమైనా అడుగుతారని చూశాడు.

వంటింటి గుమ్మంలోంచి భార్య అంది, ఎప్పటిలాగే వీధంతా వినపడేలా, "ఇక ఆ రెండోది ఎక్కించవే."

మరదలు అప్పటికే చెప్పులు విడిచింది. రెండోదాన్ని పొద్దున్నే ల్యాప్‌టాప్‌లోకి దించి పెట్టుకుందట. అక్క షరతు పెట్టిందట, బావ తనంతట తాను నోరు విప్పితేనే ఎక్కించమని. అందుకే మూడుసార్లు అడిగిందట. ఆయన నోరు తెరుచుకుని ఇద్దర్నీ చూశాడు. మీకు ముందే తెలుసా అన్నాడు.

"రెండేళ్ల నుంచి మీ ఎడమపక్కన కూర్చోవడం లేదు నేను," అంది భార్య. "నిజంగా కిటికీ కోసమే అనుకున్నారా?"

ఆయనకి భోజనాల బల్లా, వీధీ, కుడిపక్కా అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాచీ విప్పి పేర్చినప్పుడు ఏ ముక్క ఎందుకుందో తెలిసినట్టు తెలిసిపోయింది.

రెండో సిస్టమ్ ఎక్కించడానికి మళ్లీ అంతా చెరిపి, మొదట్నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈసారి బొమ్మ తిరుగుతున్నంతసేపూ ఆయన చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఫోను లేచాక పరదా వెనక్కి వెళ్లబోయి, ఆగి, అందరి ముందే టీచరమ్మ వాచీని ఆనించాడు. చుక్క పడింది. ఇంకోటి పడింది. కొంచెం కిందికి జారుతూ చుక్కల బారు సాగింది. రోజుకి ఒకటిన్నర నిమిషం వెనకబడుతోంది, చమురెయ్యాలి అన్నాడు. మరదలు కేబుల్ చుట్టుకుంది.

ఆమె వెళ్లిపోయాక భార్య వచ్చి, కుడిపక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కుడిచెవి దగ్గరికి వంగి మాట్లాడింది. అరవలేదు.

"రేపు దుకాణం తీసే ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం. అరిచీ అరిచీ నా గొంతు పోయేలా ఉంది."

అది పక్క గదిలోకి వినపడని గొంతు. ఆవిడ అసలు గొంతు. అది ఇంకా ఉందన్న సంగతే ఆయన మర్చిపోయాడు. రెండేళ్లుగా ఆవిడ గొంతు పెరిగిపోయిందని తను విసుక్కున్నదంతా తలుచుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా వినపడింది, చాలా బాగా వినపడింది.

"ఏమన్నావు?" అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి ఓ క్షణం చూసింది. నవ్వాపుకుంటూ, మళ్లీ చెవి దగ్గరికి వంగి, అంతే మెల్లగా ఇంకోసారి చెప్పింది.