అత్తగారి నీడ

పొద్దున్నే అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వాలకుండా పట్టీ బిగించి, కోడలు కిటికీ తెర తీయగానే ఆవిడ నీడ లేచి గోడమీద పనికి దిగేది. ముప్పై ఏళ్ళు టైలరింగు షాపులో గుడ్డ కత్తిరించిన మనిషి. మోటార్ న్యూరాన్ జబ్బు ఆవిడ చేతుల్ని, కాళ్ళని, చివరికి గొంతుని తీసుకుపోయింది గాని నీడ జోలికి రాలేదు. నీడ గుడ్డ పరిచేది, కొలిచేది, కత్తిరించేది. ఆవిడకి అడ్డమని ఇంట్లోవాళ్ళు ఆ గోడకి మేకులు కొట్టడం మానేశారు.

మాట మాత్రం కళ్ళతోనే. అక్షరాల అట్ట పట్టుకుని కోడలు ఒక్కో వరసా చదివేది; కావలసిన చోట ఆవిడ రెప్ప వేసేది. కొడుక్కి అంత ఆగే ఓపిక లేదు. "దాహమా అమ్మా?" అని నీళ్ళకి పరిగెత్తేవాడు. ఆవిడ చెప్పబోయింది అతని చొక్కా గుండీ ఊడిందని.

కోడలు సిటీబస్సు డ్రైవరు. ఎనిమిది నెలలుగా సెలవులో ఉంది. సోమవారం డ్యూటీలో చేరకపోతే పేరు కొట్టేస్తామని డిపో నుంచి ఉత్తరం వచ్చింది. కొడుకు ముందుగదిలోనే వాచీలు బాగుచేస్తాడు.

శుక్రవారం నర్సు వచ్చింది. అత్తగారి పొట్టకి కొత్తగా పెట్టిన గొట్టంలో ఆహారం పోయడం, గొంతులో కఫం తీసే మెషీను వాడడం ఇంట్లో ఒకరికి నేర్పాలి. నేర్చుకున్నవాళ్ళు పగలంతా దగ్గరుండాలి. ఎవరు నేర్చుకుంటారని అడుగుతూనే కోడలి వైపు తిరిగి కూర్చుంది. ఆడవాళ్ళకైతే ఓపికెక్కువన్నాడు కొడుకు. ఓపిక ఆడవాళ్ళ ఒంట్లో పుట్టుకతో వచ్చే అవయవమని డాక్టర్లకి తప్ప అందరికీ తెలుసు.

అత్తగారు అట్ట వైపు చూసింది. రెప్పలు ఒక్కొక్కటే పడ్డాయి. పది నిమిషాలు పట్టింది. కోడలు చదివింది:

"దీనికి బస్సుంది. వాడు నేర్చుకుంటాడు."

"నా వల్ల కాదమ్మా, చేతులు వణుకుతాయి," అన్నాడు, వెంట్రుకంత స్ప్రింగులు బిగించేవాడు.

గోడమీది నీడ కత్తెర కింద పెట్టింది. నడిచివెళ్ళి కొడుకు నీడ చెవి పట్టుకుంది. నీడ ఎటు పోతే మనిషీ అటే పోవాలి కదా. అతను మెడ వంచుకుని, చెవి రుద్దుకుంటూ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. నర్సు ఫారంలో అప్పటికే రాసేసిన కోడలి పేరు కొట్టేసి, అతని చేతికి సబ్బు ఇచ్చింది.

ఆదివారానికి ఆ చేతులు వణకడం మానేశాయి.

సోమవారం పదకొండింటికి నర్సు చూడ్డానికి వచ్చింది. ఆహారం గొట్టంలో కొలతగా దిగుతోంది. వీధి చివర బస్సు హారను మోగింది, ఉండాల్సినదానికన్నా కాస్త పొడుగ్గానే. అత్తగారు అట్ట అడిగింది. కొడుకు ఎడమచేత్తో పట్టుకుని వరసలు చదివాడు.

"ఆ బస్సు నడిపేది నా కోడలు."

"తెలుసమ్మా, నేనొచ్చింది అందులోనే. ఒక్క కుదుపు లేదు," అంది నర్సు.

అత్తగారి రెప్పలు మళ్ళీ కదిలాయి.

"ఎందుకుంటుంది?"