శివారు మడికి తొలి తడి

తెల్లారగానే దేముడమ్మ పార భుజాన వేసుకుని బయల్దేరేది. ఆమె వెనకాల ఊరి ఏరు, ఆ గెడ్డ, బయల్దేరేది. వాకిళ్లు ఊడ్చే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పైకెత్తి ఇద్దరికీ దారిచ్చేవారు.

ఆ ఉద్దానం ఊళ్లో నీళ్లు పంచడం ఆమె పని. కట్టుబాటు ఒక్కటే, శివారు మడికి తొలి తడి, ఎగువ మడికి ఆఖరు తడి. కింది మళ్లు తడిస్తేగాని ఎగువవాడి వంతు రాదు. అందుకే కాలవ పూడిక తియ్యడానికి అందరికంటే ముందు ఎగువవాడే పార పట్టేవాడు. ఈ కిటుకు కనిపెట్టిన పెద్దలెవరో గాని వాళ్లకు దండం పెట్టాలి.

ఆ ఏడు జమీందారు ఎస్టేటుకు అజమాయిషీ చేసే కొత్త అమీను వచ్చాడు. పేరు జగదీశ్వరరావు. ఎగువనున్న ఎస్టేటు కొబ్బరితోట తాగాకే ఎవరైనా అన్నాడు. బంట్రోతును కాపలా పెట్టి దేముడమ్మను పొద్దస్తమానం తోట చుట్టూ తిప్పాడు. ఆమె తిరిగితే గెడ్డ తిరిగింది. సాయంత్రానికి కిందికి చుక్క మిగల్లేదు.

శివారు మడి ఆమె తమ్ముడు జోగారావుది. చేను పొట్ట మీదుంది, నేల నెర్రెలిచ్చింది.

"పంట పోతే బారువలో ఓడెక్కీత్తానప్పా. రంగంలో కూలి దొరుకుతాదంట," అన్నాడు.

సముద్రం దాటి రంగం, అంటే రంగూను, పోయినవాళ్లలో తిరిగొచ్చినవాడు ఆ ఊళ్లో లేడు.

"ఆగరా తమ్ముడా. పైవోల్లతో మాటాడొత్తాను," అంది దేముడమ్మ.

ఊరంతా సరేనంది. బంట్రోతు భోజనానికి వెళ్లిన అదనులో ఆమె టెక్కలి దారి పట్టింది, గెడ్డతో సహా. కచేరీలో గుమస్తాలు కాళ్లు బెంచీల మీదికి తీసుకున్నారు. ఎస్టేటు మేనేజరు నారాయణరావు నిమ్మళంగా విన్నాడు.

"పంపకం మీ ఊరిదేనమ్మా, కాదనను. కాని అమీనును నిలపాలంటే నాకు పైమాట కావాలి. కలెక్టరుగారు పలాసలో మకాం వేశారు, వెళ్లి అడుగు."

పలాస మామిడితోపులో డేరా ముందు కలెక్టరు దొర అడిగించాడు, ఈ నీరు ఎవరిదని.

"ఎవులిదీ కాదు బాబూ. కాలవ తవ్వించడం ఎస్టేటు పని, పంచుకోడం మా ఊరి పని, తగువొత్తే తీర్సడం తమరి పని. ఒకల పని ఇంకొకలు సేత్తే సేనెండిపోతాది."

దొర తడిసిన బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత ఊరి కట్టుబాటే సాగాలని ఉత్తర్వు చేశాడు. తన అధికారం ఎక్కడిదాకానో తెలిసినవాడు దొరైనా మంచివాడే అనుకుంది దేముడమ్మ.

ఊరు చేరేసరికి జోగారావు లేడు. "ఉదయమే మూట కట్టుకుని బారువ ఎల్లిపోనాడు వదినా," అని మరదలు కృష్ణవేణి ఏడ్చింది.

దేముడమ్మ గట్టు మీద కూలబడింది. ఎన్నడూ ఆమెను దాటని గెడ్డ అప్పుడు దాటింది. ఎగువ మళ్లు విడిచింది, శివారు మడీ విడిచింది, ఇసుకదారిన సముద్రంవైపు సాగిపోయింది. అందరికంటే చివర ఉన్నవాడికి తొలి తడి అన్నదే దానికి తెలిసిన కట్టుబాటు. ఆ చివరివాడు ఇప్పుడు బారువ ఒడ్డున నిలబడి ఉన్నాడు.

ఓడ దగ్గరికి చేర్చే పడవ మీద జోగారావు చెయ్యి వేశాడు. మడమలకు చల్లగా తగిలింది. అల అనుకున్నాడు. వంగి పుక్కిట పట్టి చూస్తే తియ్యగా ఉంది. పడవవాళ్లు రమ్మని పిలుస్తున్నారు.

అతను మూట నెత్తిన పెట్టుకుని ఊరివైపు తిరిగాడు.

"పదవే, సేనెండిపోతంది," అన్నాడు.

గెడ్డ అతని వెనకాల నడిచింది.