ఎండ నుంచి నీడకి

పొద్దున్నే వాళ్ళమ్మ కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, మోకాళ్ళ మీద ఎండ పడుతోందో లేదో చూసుకుని గానీ బూజు మేడమ్ పనికి బయల్దేరేది కాదు. ఆ పేరు తోటివాళ్ళు పెట్టిందే, మొహం మీదే పిలిచేవారు. మొక్కల వేళ్ళనంటుకుని బతికే బూజులాంటి శిలీంధ్రం మట్టిలోని భాస్వరం మొక్కకి తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. ఒకే శిలీంధ్రం రెండు మొక్కల్ని అల్లుకుంటే ఒకదాని చక్కెర రెండోదానికి చేరుతుందా అన్నది ఆమె పరిశోధన. రోజంతా కిటికీల్లేని గదిలో మైక్రోస్కోపుకి కళ్ళప్పగించి కూర్చునేది.

జబ్బుపడి లేచాక అమ్మకి తిండి ఒంటబట్టడం మానేసింది. మేడమ్ ప్రయోగశాల నుంచి ఆ శిలీంధ్రం ఉన్న కుండీ ఒకటి ఇంటికి తెచ్చింది. తెల్లారేసరికి అందులోంచి తెల్లటి దారం పాకి, ఒక కొస అమ్మ చీలమండకి, ఇంకో కొస కూతురి చీలమండకి చుట్టుకుంది. డాక్టరు దాన్ని పక్కకి జరిపి నాడి చూశాడు. పనిమనిషి ఎత్తిపట్టుకుని కింద ఊడ్చింది. మేడమ్ వీధిలోకెళ్తే అదీ వెంట సాగేది, జనం దాటుకుని పోయేవారు.

తన బలం అమ్మకి వెళ్తోందని కూతురు సంబరపడి దండిగా తినేది. కొన్నాళ్ళకి ఆమె బుగ్గలు నిండాయి, బట్టలు బిగుతయ్యాయి. అమ్మ మాత్రం దూది తీసేసిన దిండులా మిగిలింది.

మొక్కలకి చేసే పరీక్షే తమ ఇద్దరికీ చేసింది. ఆనవాలు పట్టగలిగే చక్కెర తను తాగి అమ్మ ఎంగిలి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఏమీ దొరకలేదు. అదే అమ్మకి తాగించి తన ఎంగిలి చూసుకుంటే, ఉంది.

ప్రయోగశాలలో శిలీంధ్రం ఎండలో ఉన్న మొక్క దగ్గర చక్కెర తీసుకుని, నల్లగుడ్డ కప్పిన మొక్కకి పెట్టేది. ఎవరు ముసలి, ఎవరు పడుచు అన్నది దానికేం పట్టింది? చీకట్లో కూర్చునేది తనే. ఇంత చదువూ చదివి, చేతులారా అమ్మని ఎండలో కూర్చోబెట్టింది. తెంపేద్దామంటే, దారం తెంపిన ప్రతిసారీ మొక్కలు రెండూ వాడిపోయాయి.

ఇంటికి పరిగెత్తి కిటికీ మూయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. అది ఎటు పోతోందో నాకు మొదట్నుంచీ తెలుసు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చిన్నప్పుడు నీకు నాలుగు ముద్దలు పెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు చూడు, అడక్కుండానే ఒళ్ళు చేశావు."

కూతురికి నవ్వు రాలేదు. మర్నాడు, అమ్మ తిడుతూనే ఉన్నా, ఆమెని లోపలి చీకటి గదిలో పడుకోబెట్టి గడియ పెట్టింది. డాబా ఎక్కి మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చుంది. దారం బిగిసింది. కాళ్ళలోంచి సత్తువ దిగిపోసాగింది. ఎంత తీసుకుంటే అది చాలనుకుంటుందో ఆమెకి తెలియదు. చచ్చేంత భయమేసింది. అయినా కదల్లేదు.

కాసేపటికి కింద తలుపు దబదబ మోగింది. పలకబోతే గొంతు పెగల్లేదు, లేవబోతే కాళ్ళు రాలేదు. గడియ ఊడిపడిన చప్పుడైంది. నిన్నటిదాకా కుర్చీలోంచి లేవలేని అమ్మ మెట్లమీద పరిగెత్తుకొచ్చి, కూతుర్ని జబ్బ పట్టి నీడలోకి లాగబోయింది.

"వద్దమ్మా," అంది కూతురు గాలి మాత్రమే వచ్చే గొంతుతో. "నువ్వూ ఇక్కడే కూర్చో. ఇద్దరం ఎండలో ఉంటే అది ఎటూ లాగదు."

అమ్మ ఆమెని ఒళ్ళో ఆనించుకుని ఎండలోనే కూలబడింది. దారం వదులైంది. పొద్దు వాలుతుంటే పిట్టగోడ నీడ కొంచెం కొంచెంగా జరుగుతోంది. అది ముందు ఎవరి మీద పడుతుందోనని ఇద్దరూ రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు.