పొలంగట్ల మీది చాటింపు

వరిగడ్డి మంట మీద డప్పును తిప్పి తిప్పి కాస్తున్నాడు ఏలియా. చర్మం బిగిసిందో లేదో వేళ్ళతో మీటి చూసి, మళ్ళీ సెగకు పట్టాడు. ఊరి సుంకరిగా బతుకంతా ఇదే పని: దొర ఉండే గడిలో చెప్పింది ఊరికి చాటడం. డప్పు తాడు ఒరిసిన చోట మెడ మీద చర్మం కాయ కాసి గట్టిపడింది.

"ఏందిరా, ఇంక కాగలేదా?" గడి అరుగు మీది నుంచి సర్పంచ్ లక్ష్మీకాంతరావు దొర కేకేశాడు. "గడి ముంగట నాలుగు దెబ్బలు కొట్టి ఇంటికి పో. పొద్దు వంగినంక మండలం సారు వస్తడు."

"అట్లనే దొరా."

ఆ ఊళ్ళో గ్రామసభ అంటే ఇంతే. జనమంతా పొలాల్లో ఉన్న వేళ గడి ముందు చాటింపు. చాటించాం, ఎవరూ రాలేదు, కాబట్టి దొర మాటే ఊరి మాట. ఓటు వేసి గెలిపించినాక జనానికి నోరెందుకు? ఈసారి ఊరికి ఒక బోరింగు మంజూరైంది. దొర దాన్ని తన మామిడితోటలో వేయించుకుంటాడని అందరికీ తెలుసు. మాదిగవాడ నుంచి వచ్చే ఏలియా భార్య రిబ్కమ్మ మాత్రం ఊరబావి దగ్గర ఎవరో ఒకరు కడవలో నీళ్ళు పోసేదాకా దూరంగా నిలబడుతుంది. నిన్న ఖాళీ కడవతో తిరిగొచ్చింది. కడవను గోడకు బోర్లించి పొయ్యి ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది ఏలియాకు.

గడి ముందు నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇంటికి పోవలసిన కాళ్ళు పొలాల వైపు తిరిగాయి.

గట్ల మీద డప్పు మోగేసరికి వరి కోస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు.

"ఏం ఏలియామామా, వడ్లకేమన్న పెండ్లి చేస్తున్నవా?" అని నవ్వాడు వాడలోని ముత్యం.

"బోరింగు ఏడ ఎయ్యాల్నో ఇయ్యాల అడుగుతరట బిడ్డా. మీరు రాకుంటే దొర తోటల ఎయ్యమన్నట్టే."

ముత్యం నవ్వు ఆగిపోయింది. "గిక్కడ కొట్టుమని దొర చెప్పిండా?"

ఏలియా పక్క గట్టెక్కి మళ్ళీ కొట్టాడు.

పొద్దు వంగేసరికి పంచాయతీ ఆఫీసు ముందు దుమ్ము కాళ్ళతో, నడుముల్లో కొడవళ్ళతో జనం. మండలం సారు బిత్తరపోయాడు. దొర నవ్వాడు. ఆ నవ్వు చూసి ముందున్నవాళ్ళు వెనక్కి జరిగారు.

"బోరింగు వాడల కావాల్నన్నోళ్ళు చేతులు లేపుండ్రి," అన్నాడు సారు.

ఎవరూ కదలలేదు. మొదట లేచింది ఏలియా చెయ్యి. తర్వాత రిబ్కమ్మది, ముత్యానిది. ఆ తర్వాత ఇక లెక్కపెట్టే పని లేకపోయింది.

"మీరు గెలిపిస్తేనే నేను సర్పంచ్‌ను. మీ మాటే నా మాట," అన్నాడు దొర మెత్తగా. "బోరింగు జాగల గుర్తుకు గూటం నువ్వే పాతు ఏలియా."

వాడ నడుమ వేపకొయ్య గూటం పాతి, సున్నం రాసి, చేతులు దులుపుకుంటుండగానే గడి జీతగాడు హనుమండ్లు వచ్చాడు. ఏలియా మొహంలోకి చూడలేదు.

"దొర రమ్మంటుండు. తోట బాయిల బొక్కెన పడ్డదట, దిగి తియ్యాల్నట."

"పొద్దుగూకింది. రేపు పోరాదు?" అంది రిబ్కమ్మ.

"దొర పిలిస్తె ఎన్నడన్న పోకుంట ఉన్ననా? గిప్పుడే వస్త."

తెల్లారి తోట బావిలో ఏలియా శవమై తేలాడు. వానాకాలం వాగును ఈదినవాడికి బావిలో కాలు జారిందన్నారు. పోలీసు జమేదారు వాడకు వచ్చి, గడి మనిషి వెంట పోతుంటే ఎవరైనా చూశారా అని అడిగాడు. నిలబడ్డది నిన్నటి జనమే. "నేను చూసిన," అంది రిబ్కమ్మ. ముసలిది దుఃఖంలో ఏదో అంటుందని ఆమెను పక్కకు జరిపారు. ఇంకొక చెయ్యి లేవలేదు.

వానలకు ముందు బోరింగు బండి వచ్చింది. వాడలో ఆగకుండా తోటకు పోయింది. ఎవరూ అడ్డం పోలేదు.

వాడ నడుమ సున్నం రాసిన గూటం మాత్రం అట్లాగే ఉంది. దాన్ని పీకమని ఎవరూ చెప్పలేదు, పీకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆడుకునే పిల్లలు కూడా దాన్ని ముట్టకుండా చుట్టు తిరిగి పోతారు.